సగం ధరకే కొత్త మోటారు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

చందంపేట రైతు:
అందరికీ నమస్కారం. మా ఊరికి ఒక వ్యాను వస్తోంది. పేరున్న కంపెనీ 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు, పంపుతో సహా, దేవరకొండ దుకాణాల్లో చెప్పే ధరలో సగానికే ఇస్తామంటున్నారు. గోదాము ఖాళీ చేస్తున్నారట, అందుకే ఈ ధరట. పెట్టె, స్టిక్కరు, వారంటీ కార్డు అన్నీ ఉన్నాయి. బిల్లు మాత్రం ఇవ్వరు. అడిగితే "బిల్లు వద్దనుకుంటేనే ఈ రేటు" అంటున్నారు. మా పాత మోటారు కాలిపోయింది. యాసంగి నాట్లు నెత్తిమీదికి వచ్చాయి. పక్క పొలాల వాళ్లు డబ్బు సిద్ధం చేసుకున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు, ఆ ధర వదులుకోవాలనీ లేదు. వ్యాను రేపు మళ్లీ వస్తుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

హాలియా వైండింగ్ మేస్త్రి:
అన్నా, రేపు డబ్బు ఇవ్వకండి. సబ్‌మెర్సిబుల్ మోటారులో మోసం బయటికి కనిపించదు. పైనున్న స్టీలు గొట్టం తళతళలాడుతూనే ఉంటుంది. లోపల ఏమున్నదీ మోటారు కాలిపోయి నా బల్ల మీదికి వచ్చినప్పుడే తెలుస్తుంది.

నేను విప్పిన నకిలీల్లో ఎక్కువగా రెండు రకాల దగా చూశాను. ఒకటి, రాగి తీగకు బదులు అల్యూమినియం తీగ చుట్టడం. రెండోది, స్టాంపింగ్ (తీగ చుట్టే ఇనుప రేకుల దొంతర, కోర్ అన్నా అదే) పొడవు తగ్గించడం, అంటే చిన్న మోటారుకు సరిపోయే కోర్ పెట్టి పైన 5 హెచ్‌పీ అని రాయడం. ఒకే మందం తీగ తీసుకుంటే అల్యూమినియం విద్యుత్ వాహకత రాగిలో సుమారు 60 శాతమే. రాగితో సమానంగా పని చేయాలంటే తీగ లావుగా ఉండాలి. కోర్‌లో తీగ కూర్చే గాడుల్లో అంత చోటు ఉండదు కాబట్టి సన్న తీగతోనే కానిచ్చేస్తారు. నీళ్లు నింపే మోటారులో తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. తీగ వేడెక్కితే ఆ తొడుగు మెత్తబడి చుట్టుకూ చుట్టుకూ షార్టవుతుంది. కొత్తలో నీళ్లు బాగానే పోస్తుంది. ఎండలు ముదిరి, బోరులో నీటిమట్టం దిగి, ఓల్టేజీ పడిపోయిన రోజున కాలుతుంది. అప్పటికి వ్యాను ఏ జిల్లాలో ఉంటుందో ఎవరికీ తెలియదు.

రేపు వ్యాను వస్తే నేమ్‌ప్లేట్ నెమ్మదిగా చదవండి. 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు. హెచ్‌పీ 5 అని ఉండి కిలోవాట్లు 2.2 అని ఉంటే అది 3 హెచ్‌పీ మోటారే. స్టేజీలు (పంపులో వరసగా ఉండే ఇంపెల్లర్ల సంఖ్య), హెడ్ (నీళ్లు ఎంత ఎత్తుకు పోస్తుందో), ఆంపియర్లు, సీరియల్ నంబరు చెక్కినట్టుగా ఉన్నాయా, గోటితో గీకితే ఊడిపోయే స్టిక్కరు మీద ఉన్నాయా చూడండి. తర్వాత ఐఎస్ఐ ముద్ర. ఆ ముద్ర పైన ప్రమాణం సంఖ్య ఉంటుంది, సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టుకైతే ఐఎస్ 8034. కింద సీఎం/ఎల్ అనే అక్షరాలు, వాటి పక్కన లైసెన్సు సంఖ్య. ఆ సంఖ్య లేని ఐఎస్ఐ ముద్ర వట్టి బొమ్మ. ఫోనులో ఐఎస్ఐ ముద్రకు లైసెన్సు ఇచ్చే బీఐఎస్ సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ సంఖ్య కొట్టండి. ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఆ లైసెన్సు ఇచ్చారో, ఇంకా అమలులో ఉన్నదో లేదో వస్తుంది.

బరువు కూడా మరవకండి. రాగి అల్యూమినియం కంటే మూడు రెట్లకు పైగా బరువు. అదే కంపెనీ, అదే మోడల్ మోటారు అధీకృత డీలరు దగ్గర ఎంత తూగుతుందో ఫోనులో కనుక్కుని, ఊళ్లో వడ్లు తూచే కాటా మీద దీన్ని పెట్టించండి. తూకానికి ఒప్పుకోనివాడితో ఇక బేరమే అక్కర్లేదు.

కొల్లాపూర్ మామిడి:
మేస్త్రి గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ డీలరు దగ్గర ధర వింటే గుండె గుభేలుమంటుంది. చేతిలో సగం డబ్బే ఉన్న రైతు ఏమి చేయాలి? పెద్ద కంపెనీ పేరు లేని ప్రతిదీ నకిలీ అని భయపెడితే లాభపడేది పెద్ద కంపెనీలే. మా తోటలో పేరూ ఊరూ తెలియని చిన్న కంపెనీ మోటారు ఏళ్ల తరబడి నడుస్తోంది.

హాలియా వైండింగ్ మేస్త్రి:
మీ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను అన్నా. చౌక వేరు, నకిలీ వేరు. చిన్న కంపెనీ తన పేరుతో, తన చిరునామాతో, తన లైసెన్సుతో తక్కువ ధరకు అమ్ముకుంటే అది నిజాయితీ గల వ్యాపారం. అలాంటి మోటార్లు నేనే చాలామందికి సిఫారసు చేశాను. నకిలీ మనిషి తన పేరు దాచి ఇంకొకరి పేరు అంటిస్తాడు. తన వస్తువు గురించి తనకే నమ్మకం లేదని అక్కడే తెలిసిపోతోంది కదా.

చేతిలో డబ్బు లేనప్పుడు నకిలీ కొత్తదానికంటే పాతదాన్ని మంచి రాగితో రీవైండింగ్ చేయించుకోవడం, అంటే తీగ మళ్లీ చుట్టించుకోవడం మేలు. బుష్‌లు, థ్రస్ట్ బేరింగ్ మార్చి, అరిగిన ఇంపెల్లర్లు మార్చితే మంచి కంపెనీ పాత మోటారు ఇంకా చాలాకాలం పని చేస్తుంది. చందంపేట అన్నా, మీ పాతది ఏ కంపెనీది? కోర్ దెబ్బతినకపోతే దాన్ని పారేయకండి.

ఇంకొక మాట. 2018 జనవరి 1 నుంచి మన తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ వచ్చింది. కరెంటు బిల్లు లేదు కదా, మోటారు ఎంత లాగితే మనకేమిటి అని చాలామంది అంటారు. ఎక్కువ లాగే మోటారు ముందు తన వైండింగునే కాల్చుకుంటుంది. ఆ తర్వాత అందరం కలిసి వాడుకునే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం వేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పోతే మంచి మోటారు కొన్నవాడి పొలం కూడా ఎండుతుంది. మోటారు కాలితే ఖర్చు వైండింగుతో ఆగదు. పైకి లాగడానికి క్రేను, కూలీలు, మళ్లీ దించడానికి అదే ఖర్చు. పొట్ట మీదున్న వరికి ఆ వారం నీళ్లు అందకపోతే జరిగే నష్టాన్ని ఏ వారంటీ కార్డూ తీర్చదు.

నల్గొండ వినియోగదారు:
నేను బిల్లు గురించి చెబుతాను, ఎందుకంటే అందరూ చివరికి తగ్గేది అక్కడే.

బిల్లు లేకుండా కొంటే పన్ను మిగిలిందని అనుకుంటాం. నిజానికి మనం వదులుకుంటున్నది ఫిర్యాదు చేసే బలం. వారంటీ కార్డు మీద డీలరు ముద్ర, తేదీ, సీరియల్ నంబరు లేకపోతే దాన్ని కంపెనీ పట్టించుకోదు. పక్కా బిల్లులో దుకాణం పేరు, చిరునామా, తేదీ, మోడల్, సీరియల్ నంబరు ఉండాలి. తెల్ల కాగితం మీద రాసిచ్చే చీటీతో తృప్తిపడవద్దు. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. తెలంగాణలో నమోదైన వ్యాపారిదైతే అది 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే వ్యాపారి పేరు వస్తుంది. చాలా చిన్న దుకాణానికి జీఎస్టీ నమోదు ఉండకపోవచ్చు, అది తప్పు కాదు. అయినా పేరూ చిరునామా సీరియల్ నంబరూ ఉన్న బిల్లు ఇవ్వడానికి అడ్డేమీ లేదు.

రైతు పంట పండించుకోవడానికి కొన్నాడు కాబట్టి వినియోగదారుడు కాడని కొందరు దుకాణదారులు బుకాయిస్తారు. అది చెల్లదు. సొంతంగా పని చేసుకుని బతకడానికి కొన్న వస్తువును చట్టం వాణిజ్య అవసరంగా చూడదు. జాతీయ విత్తన సంస్థ కేసులో రైతులు వినియోగదారులేనని 2012లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు. వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్ వింటుంది. 5 లక్షల వరకు రుసుము లేదు. కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. అంతకు ముందే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే, తెలుగులోనే చెప్పుకోవచ్చు, చాలా గొడవలు అక్కడే తీరుతాయి. వీటన్నింటికీ ముందు చేతిలో బిల్లు ఉండాలి.

పాలమూరు టీచర్:
చాలా మంచి చర్చ. నాది మోటారు సంగతి కాదు, వంటింటి సంగతి. మా చెల్లెలి కూతురు కొత్త కాపురానికి సామాను కొంటున్నాం. ఆన్‌లైన్‌లో ప్రెషర్ కుక్కర్ బజారు ధరలో మూడో వంతుకే కనిపిస్తోంది. కింద మెచ్చుకుంటూ రాసినవాళ్లు కూడా బోలెడు మంది. అంత పెద్ద సంస్థ నకిలీ అమ్ముతుందా అని ఇంట్లో వాళ్ల వాదన.

నల్గొండ వినియోగదారు:
టీచర్ గారూ, అక్కడ అమ్మేది చాలాసార్లు ఆ సంస్థ కాదు, దాని వేదిక మీద చేరిన వేరే వ్యాపారి. కుక్కర్‌కు ఐఎస్ 2347 ముద్ర 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. అయినా ప్రమాణాలు లేని కుక్కర్లు అమ్మనిచ్చినందుకు 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ రెండు పెద్ద ఆన్‌లైన్ వేదికలకు లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది. ఒక వేదిక మీద అమ్ముడైనవి 2,265, ఇంకొకదాని మీద 598. కొన్నవాళ్లందరికీ తెలియజేసి, కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. కాబట్టి పెద్ద పేరు చూసి భరోసా పడకండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా, వస్తువు తయారైన దేశం చూపించాలి. అవి తెరిచి చదవండి. ఫిర్యాదు చేస్తే 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. పెట్టె తెరిచేటప్పుడు ఫోనులో వీడియో తీయడం అలవాటు చేసుకోండి.

కుక్కర్ నాసిరకమైతే డబ్బుతో పోదు. సేఫ్టీ వాల్వు సమయానికి తెరుచుకోకపోతే పొయ్యి ముందు నిలబడ్డ మనిషికే ప్రమాదం. గ్యాస్ గొట్టం, హెల్మెట్ కూడా అలాంటివే. హెల్మెట్‌కు ఐఎస్ 4151. రోడ్డు పక్కన కుప్ప పోసి అమ్మే తేలికపాటి టోపీలు చలానా నుంచి కాపాడతాయేమో కానీ తలను కాపాడవు.

జడ్చర్ల స్విచ్‌బోర్డు:
నేను చిన్న ఎలక్ట్రికల్ దుకాణం నడుపుతాను. దుకాణదారుల వైపు నుంచి కూడా ఒక మాట వినండి. రోజూ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదట అడిగేది "బిల్లు లేకుండా ఎంత తగ్గిస్తావు?" అని. తగ్గించకపోతే పక్క వీధికి వెళ్తారు. అక్కడ ఎలాంటి సరుకు ఉంటుందో చెప్పనక్కర్లేదు. నిజమైన సరుకు అమ్మేవాడికి మిగిలేది తక్కువ. నకిలీ అమ్మేవాడు ధర సగం తగ్గించినా లాభంలోనే ఉంటాడు. మీరు బిల్లు అడిగితే నాలాంటివాడు బతుకుతాడు.

ఇల్లు కట్టుకునేవాళ్లు టైల్స్ మీద లక్షలు పెడతారు, గోడలోపల పోయే వైరు దగ్గర పిసినారితనం చూపిస్తారు. వైరు ఒకసారి గోడలోకి పోతే ఇరవై, ముప్పై ఏళ్లు తీయం. బజారులో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ వస్తోంది. చూడటానికి అచ్చం రాగే. చాకుతో కొన మీద గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే అదే. నిజమైన రాగి ఎంత గీకినా ఎర్రగానే ఉంటుంది. కాయిల్ చేతిలోకి తీసుకుంటే తేలికగా ఉండటం కూడా గుర్తు. ఐఎస్ 694 అని, లైసెన్సు సంఖ్యతో సహా, వైరు తొడుగు మీదనే అచ్చు ఉండాలి. పెట్టె మీద ఉంటే చాలదు. ఇక 90 మీటర్ల కాయిల్ అని చెప్పి తక్కువ చుట్టేవాళ్లూ ఉన్నారు. మీటరు మీటరుకూ అంకె అచ్చు వేసిన వైరు తీసుకుంటే మొదటి అంకె, చివరి అంకె చూస్తే తేలిపోతుంది.

ఫోను చార్జర్లు, పవర్ బ్యాంకులు, ఎల్ఈడీ బల్బులకు ఐఎస్ఐ కాకుండా ఆర్ అనే అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటుంది. అది కూడా అదే యాప్‌లో చూడవచ్చు. సెకండ్ హ్యాండ్ ఫోను కొనేవాళ్లు స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొట్టి ఐఎంఈఐ (ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు) సంఖ్య తీసుకుని, ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూసుకోండి. దొంగ ఫోనో, నకిలీ ఫోనో తెలుస్తుంది.

మర్రిగూడ నీళ్లు:
నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ల వాళ్ల కోసం నేనొకటి రాయాలి. మా వైపు ఇంటింటికీ తిరిగి నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ మిషన్లు అమ్ముతున్నారు. ఒకతను మా అరుగు మీద రెండు గ్లాసులు పెట్టాడు, ఒకదానిలో మా నల్లా నీళ్లు, ఇంకొకదానిలో అతని మిషన్ నీళ్లు. చిన్న కరెంటు పరికరం కడ్డీలు ముంచాడు. మా నీళ్లు నిమిషంలో గోధుమరంగుకు తిరిగి మురికి తేలింది. చుట్టూ చేరిన ఆడవాళ్లు హడలిపోయారు. ఆ మురికి నీళ్లలోది కాదు. ఆ పరికరంలో ఒక కడ్డీ ఇనుముది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పు రంగు తేలుతుంది. లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు సరిగా పారదు కాబట్టి రంగు మారదు. శుభ్రమైన బావి నీళ్లు పెట్టినా ఆ రంగే వస్తుంది. చిటికెడు ఉప్పు అతని మిషన్ నీళ్లలో వేసి మళ్లీ ముంచమనండి, అవీ గోధుమరంగుకు తిరుగుతాయి.

టీడీఎస్ మీటరు చూపించి ఫ్లోరైడ్ పోయిందని చెప్పేవాళ్ల మాటా నమ్మవద్దు. ఆ మీటరు మొత్తం లవణాలను చూపిస్తుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు. అది నీటి పరీక్షా ప్రయోగశాలలోనే తేలుతుంది. మరొక ముఖ్యమైన సంగతి: చాలా మిషన్లలో రుచి కోసమని టీడీఎస్ సరిచేసే చిన్న వాల్వు పెడతారు. అది చేసే పని శుద్ధి కాని నీళ్లను మళ్లీ కొంత కలపడం. బోరు నీళ్ల ఇంట్లో ఆ వాల్వు తెరిచారంటే తీసేసిన ఫ్లోరైడ్ తిరిగి గ్లాసులోకి వస్తుంది. మెకానిక్‌తో దాన్ని పూర్తిగా మూయించండి.

మిషన్ భగీరథ నల్లా నుంచి కృష్ణా నీళ్లు వస్తున్న ఇళ్లకు అసలు ఆర్‌ఓ అవసరమా అని ముందు ఆలోచించండి. నీళ్లు పరీక్ష చేయించాక ఫ్లోరైడ్, లవణాలు హద్దులో ఉంటే తక్కువ ధర వడపోత, లేదా కాచి చల్లార్చడం చాలు. మంచి వస్తువైనా మనకు అక్కర్లేనిదైతే ఆ డబ్బు దండగే.

పాలమూరు టీచర్:
ఇది తెలియక మా వీధిలో ఎన్ని ఇళ్లలో కొన్నారో. సామాను జాబితాలో పట్టుచీరలు కూడా ఉన్నాయి. పోచంపల్లి, గద్వాల రెండూ కావాలంటోంది పిల్ల. ఎవరైనా చెప్పగలరా?

పుట్టపాక మగ్గం:
అక్కా, మాది మగ్గం ఇల్లు, కాబట్టి ఇది నేను చెబుతాను. పోచంపల్లికి భౌగోళిక గుర్తింపు 2005లోనే వచ్చింది. అయినా ఆ డిజైన్‌ను మిల్లు గుడ్డ మీద అచ్చు వేసి పోచంపల్లి పేరుతోనే అమ్ముతున్నారు. చీర తిప్పి వెనక వైపు చూడండి. మేము నూలును ముందే కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తాం. రంగు పోగులోనే ఉంటుంది కాబట్టి రెండు వైపులా బొమ్మ ఒకే ముదురుగా కనిపిస్తుంది. అచ్చు వేసినదాని వెనక వైపు వెలిసినట్టుంటుంది. బొమ్మ అంచు గీత గీసినట్టు పదునుగా ఉన్నా అనుమానించండి. అలా కట్లు కట్టి రంగు వేసిన చిటికీ పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరగడం వల్ల మా చీరలో అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి.

పట్టు అవునో కాదో తెలియాలంటే కొంగు కుచ్చులోంచి రెండు పోగులు తీసి కాల్చండి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది. గద్వాలలో సంప్రదాయ రకానికి ఒళ్లు నూలుది, అంచూ కొంగూ పట్టువి. కాబట్టి పోగు ఎక్కడినుంచి తీశారో చూసుకుని పరీక్షించండి. సిల్క్ మార్క్ చీటీ, చేనేత గుర్తు అడగండి. వీలైతే సంఘం దుకాణంలోనో, నేసే ఇంటికే వచ్చి కొనండి. ఒక చీర కోసం కట్లు కట్టడం, రంగులు అద్దడం, మగ్గం మీద పడుగు పోగులు అతకడం, నేయడం అన్నీ కలిసి ఇంటిల్లిపాదీ రోజుల తరబడి చేసే పని. ఆ పనికి రావలసిన కూలి కూడా రాని ధర చెబుతున్నారంటే అది మా పని కాదని తెలుసుకోండి.

అచ్చంపేట డిగ్రీ:
లక్కీ డ్రా స్కీముల సంగతి ఎవరూ అనలేదు. నెలనెలా కొంత కడితే డ్రాలో బైకు, ఫ్రిజ్ వస్తాయట, రానివాళ్లకు చివర్లో ఇంటి సామాను ఇస్తారట. మా ఊళ్లో చాలామంది చేరుతున్నారు.

నల్గొండ వినియోగదారు:
తమ్ముడూ, దూరంగా ఉండమని చెప్పండి. ఇలాంటి బహుమతి చిట్లను 1978 చట్టమే నిషేధించింది. పైగా చివర్లో అంటగట్టే సామాను ధర వాళ్లు చెప్పినదే. అంతే డబ్బును నెలనెలా పోస్టాఫీసులో వేసుకుంటే ఏడాది చివర నచ్చిన దుకాణంలో బేరమాడి కొనుక్కోవచ్చు.

చందంపేట రైతు:
అందరికీ ధన్యవాదాలు. వ్యాను వచ్చింది. మేస్త్రి గారు చెప్పినట్టు నేమ్‌ప్లేట్ మీది సీఎం/ఎల్ సంఖ్య యాప్‌లో కొట్టాం. వచ్చిన పేరు ఆ కంపెనీది కాదు, వస్తువు కూడా మోటారు కాదు. కాటా మీద పెడదామంటే తొందర పని ఉందని బయలుదేరారు. వ్యాను నంబరు, మోటారు ఫోటోలు తీసి పెట్టుకున్నాం, 1915కు చెబుతున్నాం. పక్క పొలాల వాళ్లలో ఇద్దరు ఆగారు. ఒకరు మాత్రం ముందురోజే కొని బోరులో దించేశారు. ఆయన సంగతే బాధగా ఉంది. మా పాత మోటారు కోర్ బాగానే ఉందని దేవరకొండ మెకానిక్ చెప్పాడు. రీవైండింగ్ చేయిస్తున్నాను. ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

హాలియా వైండింగ్ మేస్త్రి:
మంచి పని చేశారన్నా. తీసిన పాత తీగను మీ ముందే తూకం వేయించండి. పాత రాగికి మంచి ధర ఉంటుంది, దాన్ని కూలిలో తగ్గించాలి. కొత్తగా చుట్టే తీగ ఏ కంపెనీది, ఏ గేజు (మందం), ఎన్ని కిలోలు అన్నది బిల్లులో రాయించుకోండి. పాతదాని కంటే సన్న గేజు వేయనివ్వకండి. దించే ముందు మోటారులో మంచినీళ్లు నిండుగా పోసి, గాలి బుడగలు పోయేదాకా ఆగి మూత బిగించాలి. స్టార్టర్‌లో, కరెంటు ఎక్కువ లాగితే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలేను నేమ్‌ప్లేట్ మీదున్న ఆంపియర్లకే పెట్టించండి. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని పెంచేస్తే వైండింగు మళ్లీ నా దగ్గరికే వస్తుంది. ముందురోజు కొన్న ఆయనకు కూడా ఈ రిలే సంగతి ఈరోజే చెప్పండి, ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ కూడా పెట్టించుకోమనండి. కనీసం ఈ పంట గట్టెక్కవచ్చు.